విత్తనం దుడ్లు

ఆదోనిలో పత్తి సీజను.
యార్డు గేటు ముందు బండ్లు తెల్లారేదాకా కదలవు.
జిన్నింగు మిల్లు వెనక, బేళ్ల సందున
గోనెపట్టా పరిచి మూడు ముక్కలాట.
అక్కడ బీడీ ముట్టించకూడదు,
ఒక్క రవ్వ చాలు, అంతా బూడిద.
నోటికి పని లేదు కాబట్టి చేతులు ఆడతాయి.
నేను కమీషను దుకాణం గుమాస్తాను. ఆడను.
తూకం చీటీల వెనక ఎవరి బాకీ ఎంతో రాస్తాను.

చీటీల మీద అన్నిటికన్నా పొడుగ్గా సాగే లెక్క
హమాలీ మేస్త్రి ఉరుకుందప్పది.

రెండు, ఐదు, తొమ్మిది పట్టుకొని
మూడు రాజులున్నట్టు ఎగురుతాడు.
చూడకుండా పది, చూసినాక ఇరవై.
షో అడిగితే ముక్కలు వెల్లకిలా పరిచి
“సూడండబ్బా నా మొగానికి!” అంటాడు.
దస్తగిరి కడుపు పట్టుకొని నవ్వుతాడు.
“నీకంటే ఆ కాటా రాయి బాగా ఆడతాదప్పా”
అంటాడు తిప్పయ్య.

ఒకసారి ఆయన భుజం వెనక నిలబడ్డాను.
ఇస్పేటు ఆరు, ఏడు, ఎనిమిది.
అట్లే మూసి పడేశాడు.
నా నోరు తెరుచుకునేలోగా
పిక్క మీద గిల్లాడు.

తర్వాత కొళాయి కాడ దూది దులుపుకుంటూ:
“అవి పోయిన దుడ్లు కాదు నాయనా,
విత్తనం దుడ్లు.
వాళ్ల తలకాయల్లో ఏస్తాండా.
ఉరుకుందప్ప ఉత్త చేతుల్తో ఎగురుతాడని
ఒగ మాట మొలవల్ల.
అరవై రూపాయల బోర్డుకు
పచ్చిపైరు కోసుకుంటానా?”

పెద్దతుంబళం పక్కన ఆయనకు రెండెకరాల మెట్ట.
అక్కడా ఏటేటా ఏస్తాడు, పోగొడతాడు.
వానతో కూడా ఇదే ఆటనా మేస్త్రీ, అనడిగాను.
నవ్వలేదు.
“మన పక్క సూసేవాణ్ణయితే మోసం జెయ్యొచ్చు.
అది సూస్తే గదా.”

మాఘంలో ఒక రాత్రి వచ్చాయి.
ఆఠీను, కళావరు, ఇస్పేటు:
ముగ్గురు రాణులు, ఒకే చేతిలో.
అదే ఎగురుడు. అదే వెకిలి నవ్వు.
దస్తగిరి కూలి దుడ్లు బయటికి తీశాడు.
తిప్పయ్య వేలికున్న ఉంగరం వదులు చేస్తున్నాడు.
మొలిచింది, అనుకున్నాను,
నా గుండె నాకే వినపడుతూ.

ఆ రాత్రే కూర్చున్నాడు ఎర్రిస్వామి,
బళ్లారి నుంచి లోడుకొచ్చిన లారీ డ్రైవరు.
ఆయన ఓటములు ఒక్కటీ చూసినవాడు కాదు.
మేస్త్రి నవ్వు వైపు చూడలేదు,
ఎడమ బొటనవేలు చూశాడు.
రోజూ ముక్కల అంచు గోకే వేలు
ఇప్పుడు కదలడం లేదు.
“నా కైలి ఆగదప్పా. ఈయన కాడ ఉంది,” అని
ముక్కలు కింద పెట్టాడు.

దస్తగిరి డ్రైవరును చూశాడు, మేస్త్రిని చూశాడు,
దుడ్లు మళ్లీ లుంగీ మడతలోకి పోయాయి.
ఉంగరం వేలి మొదటికి జారింది.
బోర్డు మీద నూటపది. అందులో సగం ఆయనవే.

రాణులను బోర్లా కట్టలోకి తోసేశాడు.
“ఏముండె మేస్త్రీ?”
“ఏముంటాది? నాలుగు, ఏడు, జాకీ.”
ఒకటే నవ్వులు.
ఉత్త చేతికి జడిసినావే బళ్లారోడా, అని
డ్రైవరు వీపు మీద చరిచారు.
వాడు మాత్రం నవ్వలేదు,
ఆ వేలి వైపే చూస్తూ కూర్చున్నాడు.

చీటీ మీద నూటపది జమ రాశాను.
పక్క గడిలో, పోయిన చోట,
ఎంత వేయాలో తెలియక పెన్సిలు నాకుతున్నాను.

ముక్కలు కలిపి ముందుకు తోశాడు దస్తగిరి.
“కోత నీదే మేస్త్రీ.”
ఆయన కొయ్యలేదు.
కట్ట మీద వేలితో ఒకసారి తట్టి
పంచమన్నాడు.
బయట గేటు తీసిన చప్పుడయింది.
ఎవరూ లేవలేదు.